ముక్కు మాత్రం ఎలుకది

నమోదు 212

నేను కోప్పడితే మా అమ్మ నన్ను ఏమైందని అడగదు. ఎలుకల ఇంటికి ఫోన్ చేసి నా ఎలుక ఎలా ఉందని అడుగుతుంది.

నిన్న పప్పుచారులో ఉప్పు ఎక్కువైందన్నాను. అంతకుమించి ఒక్క మాట అనలేదు. సముద్రం అమలాపురం దాటి లోపలికి వచ్చాక ఈ మెట్ట కాలనీల్లో ఏ ఇంటి పప్పుచారులోనైనా సగం ఉప్పు కుళాయిలోంచే వస్తుంది. ఆ సంగతి అమ్మకీ తెలుసు. అయినా ఈ ఉదయం నేను డ్యూటీలో ఉండగా విచారణల ఫోన్ మోగింది. ఈ వారం దాన్ని ఎత్తడం నా వంతు.

"మా చిన్నమ్మాయి కుందన ఎలుకని ఓసారి చూడండమ్మా. పిల్ల నిన్నట్నుంచీ మండిపడిపోతోంది," అంది అవతల గొంతు.

"అమ్మా, కుందననే మాట్లాడుతున్నాను."

"నువ్వు కాదే, అక్కడెవరైనా పెద్దవాళ్లుంటే ఇవ్వు," అంది.

ఇదీ నా బతుకు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే ఎలుకలో మగ హార్మోను పెరిగిందేమోనని అనుమానం. ఆదివారం పూట కిటికీ పక్కన కూర్చుని ఏదైనా చదువుకుంటే ఎలుక నీరసంగా ఉందేమోనని బెంగ. పెళ్లిసంబంధం వద్దన్నప్పుడు మా మావయ్య నాతో ఒక్క ముక్కా మాట్లాడకుండా తిన్నగా వచ్చి ఎలుకకి అరటిపండు పెట్టి వెళ్లాడు. దానికి విరేచనాలయ్యాయి. నాకు మాత్ర ఇచ్చారు.

నాకు ఇరవై నాలుగేళ్లు. జంతుశాస్త్రంలో డిగ్రీ ఉంది. ఆ డిగ్రీతో సంతాన మండలి వారి ఎలుకల ఇంట్లో స్లయిడ్లు చదివే ఉద్యోగం చేస్తున్నాను. స్లయిడ్లు చదివేవాళ్లు రోజూ దినచర్య రాసి పెట్టాలని మండలి నియమం. రాసింది చదవాలని మాత్రం ఏ నియమమూ లేదు. నిజాలు దాచుకోవడానికి ఇంతకన్నా భద్రమైన చోటు కాలనీలో ఇంకోటి లేదు.

నమోదు 214

ఈ రోజు ఒక పిల్లకి బదులునిచ్చాం, అంటే ఆమె తరఫు ఎలుకని. పద్దెనిమిది నిండిందట. ఉదయం ఆస్పత్రిలో అండాశయంలోంచి మినపగింజంత ముక్క తీశారు. మధ్యాహ్నానికల్లా దాన్ని చిట్టెలుక కడుపులో అతికించారు. సాయంత్రం ఆ పిల్ల పట్టుచీర కట్టుకుని, నడుం పట్టుకుని, చుట్టాలందరితో వచ్చి పంజరానికి పసుపు రాసింది. వాళ్లమ్మ పంజరం కొక్కేనికి రెండు గాజులు తగిలించింది. మేనత్త కళ్లజోడు సవరించుకుని ఎలుకని పరీక్షగా చూసి, అచ్చం మన పోలికేనంది.

ఇక మీదట ఆ పిల్లకి ఏ మందు ఇవ్వాలన్నా ముందు ఎలుకకి వేస్తారు. దానికి పడితే పిల్లకి. మొదట్లో ఇది మంచి ఆలోచనే. పీసీఓఎస్‌తో, అంటే అండాశయంలో నీటిబుడగలతో, బాధపడే ఆడవాళ్ల మీద ఏళ్ల తరబడి మందు మార్చి మందు వేసి చూసేకంటే వాళ్ల తాలూకు ఎలుక మీద చూడటం నయం కదా. సముద్రం వచ్చాక పుట్టుకలు తగ్గిపోయాయి, ఎవరికీ ఎదురుచూసే ఓపిక లేదు. ఆ తర్వాత ఎలుకని అడగడం అలవాటైపోయి మనిషిని అడగడం మానేశారు. మనిషి మాట మారుస్తుంది. ఎలుక మార్చదు. పైగా ఎలుక ఎదురు చెప్పదు.

ఇప్పుడు పెళ్లిచూపులకన్నా ముందు ఎలుకచూపులు అవుతున్నాయి. మగపెళ్లివాళ్లు వస్తారు, కాఫీ తాగుతారు, ఎలుక చార్టు చూస్తారు. పిల్లని తర్వాత చూస్తారు. చార్టు బాగుంటే చూడకపోయినా ఫరవాలేదంటారు.

నా పని చిన్నది. రోజూ ఒక్కో ఎలుకనీ తోక మొదట్లో పట్టుకుని ఎత్తాలి. యోనిలోకి చుక్క ఉప్పునీరు వదిలి, తిరిగి పీల్చి, గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపులో చూడాలి. చిన్న చిన్న గుండ్రటి కణాలు ఆవాలు చల్లినట్టు కనిపిస్తే అండం విడుదల కావడానికి ఇంకా టైముందన్నమాట. అంచులు ముడుచుకున్న పెద్ద పెద్ద పొరలు అటుకుల్లా కనిపిస్తే ఆ రోజు వచ్చిందన్నమాట. పుస్తకాల్లో వీటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. మేం మాత్రం ఆవాల రోజు, అటుకుల రోజు అంటాం. ఆవాలు, అటుకులు, మళ్లీ ఆవాలు. అయిదు రోజులకి ఎలుక నెల ముగిసిపోతుంది. అదృష్టవంతురాలు.

ఎప్పుడూ ఆవాలే కనిపిస్తే చక్రం ఆగిపోయినట్టు లెక్క. ఎలుక చక్రం ఆగితే ఆ అమ్మాయికి నీటిబుడగలు వచ్చినట్టు లెక్క.

నమోదు 219

మగ ఎలుకల్ని కాలవ అవతలికి సాగనంపారు. మగవాటిని ఉంచేది కొత్త ఎలుకల్ని పుట్టించడానికే. ఇన్నాళ్లూ మా హాల్లోనే చివరి అరల్లో ఉండేవి.

కారణం వినదగ్గది. పోయిన నెల పిఠాపురం వైపు నుంచి ఎలుకచూపులకి వచ్చారు. చార్టు నచ్చింది. కాఫీ తాగుతూ పెళ్లికొడుకు పెద్దమ్మ ఎదుటి అరలు చూపించి, అవి ఎవరి తాలూకని అడిగింది. అవి మగవండి అని నేనే చెప్పాను. ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది. పెళ్లికాని పిల్ల ఎలుకని మగవాటికి ఎదురుగా పెట్టారా అని ఒక్క ప్రశ్న వేసి లేచి వెళ్లిపోయింది. వెనకాలే సంబంధం కూడా వెళ్లిపోయింది.

దాంతో సంరక్షకుల కమిటీ కూర్చుంది. ఆ కమిటీకి అధ్యక్షులు వీరభద్రం గారు. కాలవల శాఖలో పనిచేసి దిగిపోయారు. శాఖ పోయినా నీళ్లు మళ్లించే అలవాటు పోలేదు. మన పిల్లల పరువు మనం కాకపోతే ఎవరు చూస్తారండీ అని మొదలుపెట్టి, మగ ఎలుకలకి పాత ఐసు ఫ్యాక్టరీలో వేరే గది, వేరే గాలి గొట్టాలు ఏర్పాటు చేయించారు. పనిలో పనిగా ఆడపిల్లని ఒంటరిగా ఉంచకూడదని ఇంకో తీర్మానం చేశారు. ఒక్కో పంజరంలో ఒక్కటిగా ఉండే ఆడ ఎలుకల్ని తీసి, చెవులకి బిళ్లలు వేసి, పెద్ద డబ్బాల్లో గుంపులు గుంపులుగా సర్దించారు. కబుర్లు చెప్పుకుంటాయట.

కొబ్బరికాయ కొట్టి ట్రాలీ కదిలించారు. తోసింది మా బాయిలరు మనిషి నూకరాజు, వెనకాల పంజరాలు పట్టుకున్నది నేను. మగ ఎలుకలు ఏ గొడవా లేకుండా వెళ్లాయి. మగవాళ్లలో అంత మర్యాద చూడటం నాకదే మొదలు.

నమోదు 233

ఆవాలు.

నమోదు 236

హాలంతా ఆవాలే. రెండు వారాలుగా ఒక్క అటుకు చూసిన పాపాన పోలేదు. మైక్రోస్కోపు అద్దం పాడైందేమోనని మార్చి చూశాను. అద్దం నిక్షేపంలా ఉంది.

మా డైరెక్టరు పేరిందేవి మేడమ్ చార్టులన్నీ ముందేసుకుని చాలాసేపు కూర్చున్నారు. సాయంత్రానికి మండలి ప్రకటన వచ్చేసింది. కాలనీలో ఆడవాళ్లకి మూకుమ్మడిగా నీటిబుడగల జబ్బు వచ్చింది, కంగారు పడవద్దు, కారణాలు వెతుకుతున్నాం.

వెతకడానికేముంది, అందరి దగ్గరా సిద్ధంగా ఉన్నాయి. రేడియోలో ఒకాయన ఆడవాళ్లు వంగి ఊడవడం మానేశారన్నారు. కమిటీలో ఒకరు చేపపిండి రొట్టెలన్నారు, ఇంకొకరు సైకిలన్నారు. వీరభద్రం గారు డిగ్రీ చదువులన్నారు, నా వంక చూడకుండా. మా అమ్మ నా జుట్టంది. ఊరంతటి జబ్బుకి నా జుట్టొక్కటీ ఎలా సరిపోతుందని అడిగితే, ఎక్కడో ఒకచోట మొదలవ్వాలిగా అంది.

రేపటి నుంచి అందరికీ పచ్చమాత్ర. ఇదివరకు కొందరు వాడినదే, తింటే కడుపులో తిప్పుతుంది. వాంతి అవుతోందని చెప్పిన వాళ్ల ఎలుకల్ని చూశారు. ఎలుకలు వాంతి చేసుకోలేవు, వాటి ఒళ్లే అంత. అందుకని ఎవరికీ వాంతులు అవడం లేదని తేల్చారు.

నమోదు 241

మా అక్క విశాలకి ఆపరేషన్ కాగితం వచ్చింది.

అక్కకి ముప్పై ఒకటి. పెళ్లయి ఏడేళ్లు. పిల్లలకోసం ఎదురుచూసి ఎదురుచూసి ఇప్పుడు ఆ మాట ఎత్తడం కూడా మానేసింది. పదమూడో ఏట ఒక అండాశయం మెలిపడి కుళ్లిపోతే తీసేశారు. ఉన్నది ఒక్కటే. పచ్చమాత్రకి ఎలుక లొంగలేదు కాబట్టి ఆ ఒక్కదానికీ వేడి సూదులతో చిల్లులు పొడుస్తారట. కొందరికి దాంతో చక్రం దార్లో పడుతుందట. కొందరికి ఉన్న అండాలు కూడా మాడిపోతాయట. రెండున్నవాళ్లకి అది మామూలు భయం. ఒక్కటే ఉన్న మా అక్కకి, తేడా వస్తే ఇక అంతే.

కాగితం చూసి అక్క నవ్వింది. "నాకు నెల తప్పిందెక్కడే? మొన్ననేగా అయ్యాను," అంది. గోడ మీది క్యాలెండరు చూపించింది. నెలనెలా ఎర్ర పెన్సిలు చుక్కలు, ముగ్గు పెట్టినంత వరసగా ఉన్నాయి.

ఆ క్యాలెండరు చంకలో పెట్టుకుని ఇద్దరం మండలి ఆఫీసుకి వెళ్లాం. కిటికీ వెనకాల గుమాస్తా చాలా మర్యాదస్తుడు. అంతా విని, మీరు చెప్పింది రాసుకోవడానికి గడి లేదండీ అన్నాడు. ఎలుక చెప్పింది రాయడానికి ఉందట. ఎలుక, మనిషి చెరో మాట చెబితే మనిషి జ్ఞాపకం తప్పినట్టు లెక్కట.

శేషు బావ మంచివాడు. సముద్రపు గట్టు మీద పంపులు నడుపుతాడు. వాటిల్లో చిన్న శబ్దం తేడా వచ్చినా కనిపెడతాడు. పెళ్లాం చెప్పేది మాత్రం వినపడదు. "మనకేం తెలుస్తుంది కుందనా, అంతా సైన్సు," అన్నాడు నాతో. నేను సైన్సు చదివానన్న సంగతి ఆ క్షణంలో ఇద్దరం పట్టించుకోలేదు.

ఆపరేషన్ వచ్చే నెల మొదటి శుక్రవారం. హాల్లో ఇంకా చాలామందికి అదే రోజు.

నమోదు 246

ఒక వింత. హాలు వెనక గోడ పక్కన, బాయిలరు గది తలుపు దగ్గర, ఒక అర ఉంది. చూడటానికి ఎవరూ రాని ఎలుకల్ని అక్కడ పెడతారు. విడాకులు తీసుకున్నవాళ్లవి, హాస్టలు పిల్లలవి, పెళ్లి వద్దని తేల్చి చెప్పేసినవాళ్లవి. వాటికి గాజులు లేవు, పసుపు లేదు. వాటి స్లయిడ్లు అన్నిటికన్నా ఆఖర్న, ఎవరికి తీరికుంటే వాళ్లు చదువుతారు.

ఈ రోజు తీరిక నాకు దొరికింది. ఆవాలు, అటుకులు, ఆవాలు. శుభ్రంగా తిరుగుతున్నాయి.

మేడమ్‌కి చెప్పాను. ఆ అరని లెక్కలోంచి తీసెయ్యమన్నారు. మామూలు కుటుంబాల తాలూకు కాదు కాబట్టి సగటు చెడిపోతుందట. టీ దగ్గర ఈ కబురు వీరభద్రం గారి చెవిన పడింది. అలాంటివాళ్లకి అలాంటివి ఎప్పుడూ బాగానే ఉంటాయిలెండి అన్నారాయన. నలుగురు నవ్వారు. వాళ్లలో ముగ్గురు పచ్చమాత్ర వేసుకుంటున్నవాళ్లే.

నమోదు 247

అదే తిండి. అవే నీళ్లు. అదే దీపం. అక్కడా గుంపులే. నాకు దొరికిన ఒకే ఒక్క తేడా గాజులు. రెండు డబ్బాలకి గాజులు తీసేసి చూశాను. ఎలుకల్లో మార్పేమీ రాలేదు. వాటి తాలూకు తల్లులంతా వచ్చి నన్ను తిట్టిపోశారు.

నమోదు 249

దొరికింది.

మగ ఎలుకలు కాలవ దాటాయి గానీ వాటి కింద పరిచిన మురికి పొట్టు రోజూ మన బాయిలర్లోకే వస్తుంది. ఐసు ఫ్యాక్టరీలో బాయిలరు లేదు, మగవాటి మురికికి ప్రత్యేకంగా బాయిలరు కట్టించాలని కమిటీకి తోచలేదు. ఉదయం నూకరాజు ట్రాలీ తోసుకొచ్చి, మంట రాజుకునేదాకా దాన్ని ఆ వెనక అర ముందే నిలబెడతాడు. ఆ ఉచ్చకంపు మామూలుది కాదు. నేను కొంగుతో ముక్కు మూసుకున్నాను.

ఎలుకలు మాత్రం ముక్కులు తెరుచుకున్నాయి. ఆ అరలో ఉన్నవన్నీ వెనక కాళ్ల మీద లేచి, ఊచలు పట్టుకుని, ముక్కులు పైకెత్తి వరసగా నిలబడ్డాయి, పందిట్లో వంట వాసన వస్తే పెళ్లివారు నిలబడ్డట్టు.

డిగ్రీ రెండో ఏడు పుస్తకంలో దీని మీద ఒక పేరా ఉంది. పరీక్షలో రాదని మా మాస్టారు కొట్టేయించిన పేరా. ఆడ చిట్టెలుకల్ని ఒకచోట గుంపుగా పెట్టి, మగ వాసన సోకకుండా చేస్తే వాటి చక్రాలు ఆగిపోతాయి. మగవాటి ఉచ్చ వాసన తగిలితే మూడో రోజుకి మళ్లీ మొదలవుతాయి. అది జబ్బు కాదు. ఊళ్లో మగదే లేనప్పుడు అండం పెట్టి ఏం లాభమని ఎలుక చూసుకునే పొదుపు.

కమిటీ సరిగ్గా ఆ రెండు పనులే చేసింది. గుంపు కట్టింది, మగవాటిని పంపించింది. పరువు కాపాడింది. కాలనీలో ఆడవాళ్లందరికీ జబ్బు అంటగట్టింది.

అతికించిన అండాశయం మనదే, కాదనను. దాన్ని నడిపే బుర్ర ఎలుకది. ఆ బుర్రకి కబురు మోసే ముక్కు కూడా ఎలుకదే. మా అక్క ముక్కుతో దానికి ఏ సంబంధమూ లేదు. అక్కకి జలుబు చేస్తే దానికి తెలియదు, దాని ఊళ్లో మగవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోతే అక్కకి తెలియదు.

నూకరాజు మంట చూసుకుంటుండగా గుప్పెడు పొట్టు తీసి అక్క ఎలుక ఉన్న డబ్బాలో వేశాను. ఇంకో గుప్పెడు నాది ఉన్న డబ్బాలో. సొంత ఎలుకల జోలికి పోకూడదని నియమం ఉంది. దాన్ని చాలా శ్రద్ధగా ఉల్లంఘించాను.

నమోదు 252

రెండు డబ్బాల్లోనూ అటుకులు. స్లయిడు మీద ఇంత అందమైన దృశ్యం నేను చూడలేదు. మా ఇంట్లో ఎవరికైనా చూపిద్దామంటే అటుకుల కోసం స్లయిడు చూసే మొహం ఒక్కటీ లేదు.

మేడమ్ గదికి తీసుకెళ్లాను. మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు చూశారు. తల ఎత్తకుండానే, "ఇది నాకు తెలియదనుకున్నావా?" అన్నారు.

ఆవిడే చెప్పారు. మగవాటిని పంపిన పక్షానికే అర్థమైందట. రిపోర్టు కూడా తయారు చేశారట. దాన్ని తీసుకెళ్తే వీరభద్రం గారు కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, ఒకే ఒక్క మాట అడిగారట. మగ వాసన లేకపోతే మన ఆడపిల్లలకి ఒంట్లో బాగుండదని మీ సంతకంతో గోడకి అతికించమంటారా మేడమ్ అని.

"నేను అంటించలేదు," అన్నారు పేరిందేవి మేడమ్. "నువ్వైతే అంటిస్తావేమో. నీకు పోయేదేముంది, ఉద్యోగం తప్ప. నాకు ఈ హాలు పోతుంది. నేను పోతే ఇక్కడికి వచ్చేది ఆయన తమ్ముడి కొడుకు."

తర్వాత బేరం పెట్టారు. అక్క ఎలుకకి మాత్రం చక్రం తిరుగుతోందని రాసి ఆపరేషన్ ఆపిస్తారు. ఆ పొట్టు సంగతి ఆవిడా మాట్లాడరు, నేనూ మాట్లాడకూడదు. మిగతావాళ్లకి ఏం కాదులే, చాలామందికి ఆ సూదులు పడతాయి అన్నారు.

నేను ఒప్పుకున్నాను. బయటికొచ్చి చేతులు కడుక్కున్నాను. పొట్టు కంపు అంత తొందరగా పోదు.

నమోదు 253

ఇంట్లో చెప్పాను. అమ్మ మొదటినుంచీ చివరిదాకా విని, తనకి అందిన ఒక్క ముక్కనీ పట్టుకుంది.

"పెళ్లికాని ఎలుకకి మగ వాసన చూపించావా?"

నాదే కదమ్మా అన్నాను. అందుకే కదే అడుగుతున్నాను అంది. కాసేపటికి తేరుకుని, అయితే ఇప్పుడు నీ చార్టు బాగున్నట్టేగా, ఆ రావులపాలెం వాళ్లకి కబురు పెట్టనా అంది. మా అమ్మ ఏ విషాదంలోంచైనా ఒక సంబంధం ఏరుకోగలదు.

అక్క మాత్రం వంటింటి గుమ్మంలో కూలబడి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆపరేషన్ ఉన్నప్పుడు ఏడవలేదు, తప్పిందనగానే ఏడ్చింది. మిగతావాళ్ల మాటేమిటక్కా అని నేను నసిగాను. "ముందు నాది ఆగనీవే. నాకున్నది ఒక్కటే. నీతులు తర్వాత చెబుదువుగాని," అంది. తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

నమోదు 257

సోమవారం. అక్క ఆపరేషన్ రద్దయినట్టు కాగితం వచ్చింది. దాన్ని పట్టుకుని కమిటీ మీటింగు పెట్టింది.

విశాలమ్మ బాగుపడింది కాబట్టి మన పద్ధతి పనిచేస్తోందని తేల్చారు. పచ్చమాత్ర రెట్టింపు. మగవాటిని వేరు చేయడం వల్లే ఇదంతా సాధ్యమైందని వీరభద్రం గారు శాలువా కప్పించుకున్నారు. మిగతా జిల్లాల ఎలుకల ఇళ్లకి కూడా ఇలాగే చేయమని రాస్తారట. ఇక మగ పొట్టు ఇటు రాకుండా కాలవ అవతలే బాయిలరు కట్టిస్తారట, ఎల్లుండి నుంచి పని. వెనక అరకి ఆ కాస్త వాసన కూడా ఉండదు. ఆ ఎలుకలు కూడా ఆవాల్లోకి దిగుతాయి. తర్వాత నేను చూపించడానికి స్లయిడే మిగలదు.

మేడమ్ నా ఎదురుగానే కూర్చున్నారు. శాలువా కప్పినప్పుడు చప్పట్లు కొట్టారు. వేళ్లతో మాత్రమే.

శుక్రవారం ఆపరేషన్లకి వెళ్లేవాళ్లలో పందొమ్మిదేళ్ల పిల్ల ఒకతె ఉంది. వాళ్లమ్మ ప్రతి ఆదివారం వచ్చి డబ్బా దులిపి, లోపల చిన్న పట్టుముక్క పరిచి వెళ్తుంది. ఎలుక దాన్ని కొరికి గూడు కట్టుకుంటుంది. ఆవిడ ఆ గూడు చూసి మురిసిపోతుంది. మీటింగయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చి, మీ అక్కయ్య ఏ పూజ చేయించిందమ్మా, కాస్త చెబుతావా అని అడిగింది.

ఇంటికొచ్చి ఆ మాట అక్కకి చెప్పాను. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నువ్వేం చెప్పావని అడిగింది. ఏమీ చెప్పలేదన్నాను. చేతిలోని చీర విప్పి మళ్లీ మొదటినుంచి మడతపెట్టింది.

నమోదు 258

మంగళవారం. హాల్లోంచి రాస్తున్నాను. తలుపు లోపలినుంచి వేసి ఉంది.

ఉదయం నూకరాజు రాకముందే ట్రాలీ తీసుకుని కాలవ దాటాను. ఐసు ఫ్యాక్టరీ కాపలాదారుకి గది కడగాలని చెప్పాను. ట్రాలీ, చీపురు ఉన్న ఆడదాన్ని ఎవరూ రెండో ప్రశ్న అడగరు. మగ ఎలుకల పంజరాలన్నీ రెండు విడతల్లో తీసుకొచ్చి, హాల్లో వాటి పాత అరల్లోనే పెట్టాను. వాసన అంతటా పాకాలని ఫ్యాన్లు వేశాను. ఆడ ఎలుకలు వరస వరసంతా ముక్కులు ఎత్తాయి. గాజులన్నీ గలగలమన్నాయి.

తొమ్మిదింటికల్లా బయట జనం. వీరభద్రం గారు తలుపుకి నోరు ఆనించి చాలా మృదువుగా మాట్లాడారు. "అమ్మాయ్, నీ ఎలుక చార్టు తెప్పించి చూశాం. హార్మోన్లు ఒక్కసారిగా పెరిగాయి. ఇందులో నీ తప్పేమీ లేదమ్మా. తలుపు తియ్యి."

"ఎలుక బాగానే ఉందండి. కోపం వచ్చింది నాకు," అన్నాను.

ఆ తర్వాత తలుపు ఇవతలినుంచే మొత్తం చెప్పాను. ఆవాలు, అటుకులు, గుంపు, పొట్టు, ముక్కు. రెండుసార్లు చెప్పాను, వెనకున్నవాళ్లకి వినపడలేదంటే మూడోసారీ చెప్పాను. కొందరు చెవులు మూసుకున్నారని పట్టుముక్క పిల్ల తల్లి కిటికీ దగ్గరికొచ్చి చెప్పింది. తను మూసుకోలేదు. తన కూతురికి కూడా నెల సరిగ్గానే వస్తోందని, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని మెల్లగా అంది. ఆ పక్కనున్న ఇంకో ఆవిడ నాకూ అంది. అవతలావిడ ఇంకాస్త ముందుకొచ్చి, నాకూ అంది.

మేడమ్ వచ్చారు. మామూలు గొంతుతోనే, మాట తప్పావు కాబట్టి నేనూ తప్పుతాను, మీ అక్క పేరు శుక్రవారానికి మళ్లీ ఎక్కించానన్నారు. నేను ఎదురుచూసిందే.

మధ్యాహ్నం కిటికీ ఊచల మధ్యనుంచి క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే లోపలికి వచ్చాయి. అక్క. బావ వెనకాల నిలబడి క్యారేజీ మూతలు పట్టుకుని ఉన్నాడు, ఇంకేం చేయాలో తెలియనట్టు.

పేరు మళ్లీ ఎక్కించారక్కా అన్నాను.

"ఎక్కించుకోనీ. నేను వెళ్లను. ఎత్తుకుపోతారా?" అంది అక్క. "నువ్వు తలుపు తియ్యకు. చల్లారిపోతుంది, ముందు తిను."

బావ ఏదో అనబోయాడు. అక్క ఆయన చేతిలోంచి మూత తీసుకుని, అనవసరంగా గట్టిగా, గిన్నె మీద పెట్టింది.

పప్పులో ఉప్పు ఎక్కువే. తిన్నాను.

సాయంత్రం పోలీసులని పిలుస్తామన్నారు. పిలిచాక, ఎలుకలున్న హాలు తలుపు పగలగొడితే ఏ ఎలుక ఎటు పోతుందో, ఎవరి పిల్ల తాలూకు బదులు తప్పిపోతుందో చెప్పమని కమిటీవాళ్లే వాళ్లని ఆపేశారు. ఇప్పుడు అందరూ బయట కుర్చీలు వేసుకుని నేను బయటికి రావడానికి ముహూర్తం చూస్తున్నారు.

వాసన తగిలిన మూడో రోజు, శుక్రవారం ఉదయం, ఇక్కడున్న ప్రతి ఎలుకకీ స్లయిడు తీస్తాను. మైక్రోస్కోపు కిటికీ దగ్గర పెట్టి, ఎవరిది వాళ్లనే చూసుకోమంటాను. అప్పటిదాకా మగ ఎలుకలు ఇక్కడే ఉంటాయి. తలుపు తీయను.